మినిట్స్ పుస్తకం

హాతుబెసి గ్రామమండలికి నేను రాతగాణ్ణి.
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని
అధ్యక్షుడు అగాపితు నలుగురిలో మెచ్చుకుంటాడు.
పదమూడేళ్ళుగా ఇక్కడి మాటలన్నీ
నా పెన్నులోంచే కాగితం మీదికి దిగాయి.
దిగనివి ఎన్నో నన్నెవరూ అడగలేదు.

మా దేశానిది మా పెద్దకూతురి వయసు.
కాలిపోయిన ఇళ్ళ మీద మేం కొత్త రేకులు కప్పుతుంటే
రాజధానిలో ఎవరో మంచివాళ్ళు చట్టం రాశారు,
మండలిలో ఆడవాళ్ళుండాలని.
చట్టం పోర్చుగీసులో ఉంది.
మేం తగువులాడేది తేతుంలో.
ఎర్మెలిండా కలలు కనేది మంబాయిలో.
మూడు మెట్లు దిగేసరికి చట్టానికి ఆయాసమొచ్చి
గుమ్మం దగ్గరే కూలబడింది,
ఆమె కుర్చీ పక్కన.

ఆ కుర్చీ నీలం ప్లాస్టిక్‌ది, ఒక కాలు వంకర.
గుమ్మం దగ్గరెందుకంటే
కాఫీగిన్నె బయట పొయ్యి మీద ఉంటుంది,
పొంగితే దించాలి కదా.
ఆమె దించడానికి వెళ్ళినప్పుడే
రోడ్డు సంగతీ విత్తనాల సంగతీ తేలిపోయేవి.
తిరిగొచ్చి అందరికీ గ్లాసులు పంచేది.
నేను రాసేవాణ్ణి: మహిళా ప్రతినిధి, హాజరు.
అబద్ధం కాదు.

ఒకసారి జీపులో శిక్షణవాళ్ళొచ్చారు.
గోడకి బ్యానరు కట్టారు, ఊదారంగు చొక్కాలు పంచారు.
రొమ్ము మీద సమానత్వం అని రాసున్న చొక్కాతో
అగాపితు రెండు వానాకాలాలు కోడిపందేలకెళ్ళాడు.
ఎర్మెలిండా చొక్కా ఆమె మొగుడికి సరిపోయింది.
ఫొటోలో మాత్రం ఆడవాళ్ళదే ముందు వరస.

కుళాయి ఎక్కడ పెట్టాలో తేల్చే రోజు
ఆమె లేచి నిలబడింది.
"ఎరా" అంది. మంబాయిలో నీళ్ళు.
ఊట నుంచి డబ్బాలతో ఎక్కే దారి గురించి,
ఆ దారిలో జారిపడి
కడుపు పోగొట్టుకున్న జుస్తా గురించి,
కాన్పుగది పక్కన కుళాయి కావాలని
చాలాసేపు మాట్లాడింది.
ఇద్దరు సిగరెట్టుకి బయటికెళ్ళారు.
ఒకాయన ఫోన్లో ఎవరికో దున్నపోతు ధర చెప్తున్నాడు.
కుళాయి ఫుట్‌బాల్ మైదానం పక్కకెళ్ళింది,
ఆటగాళ్ళకి దాహమేస్తుందని.

నేను తేతుంలో "బే" అని రాశాను.
జిల్లాకి పంపేటప్పుడు పోర్చుగీసులో "ఆగ్వా" అయింది.
అక్కడెవరో దాన్ని అంకె చేశారు:
ఏడో అంశం, చర్చ జరిగినది.
ఎరా, బే, ఆగ్వా, ఏడు.
అంత దూరం మోస్తే
ఎవరి డబ్బాలో మాత్రం నీళ్ళు మిగులుతాయి?

తర్వాతి సమావేశానికి ఆమె కాఫీ పెట్టలేదు.
మగవాళ్ళు మాటిమాటికీ చల్లటి పొయ్యి వైపు చూశారు.
నా బల్ల దగ్గరికొచ్చి, పేజీ మీద వేలు పెట్టి
"నేనేమన్నానో చదువు" అంది.
చదివాను. ఒక్క లైను.
కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది,
పిల్లాడు చొక్కా తిరగేసి తొడుక్కొస్తే నవ్వినట్టు.
"అంతసేపు నించున్నాను కదా నికొలావూ,
కాళ్ళు లాగేశాయి. అదన్నా రాయాల్సింది."

రాశాను. మార్జిన్‌లో, మంబాయిలో,
స్పెల్లింగు తెలీదు, విన్నది విన్నట్టు.
కుళాయి ఇప్పటికీ మైదానం పక్కనే ఉంది.
గోల్‌కీపరు దాని కింద కాళ్ళు కడుక్కుంటాడు.
వచ్చే ఎన్నికల్లో నిలబడనని ఆమె ఒకరోజంటుంది,
నిలబడతానని ఇంకోరోజు.

ఆ రాత్రి పుస్తకం ఇంటికి తెచ్చుకుని
దీపం ముందు శుభ్రప్రతి రాస్తున్నాను.
వెనకనుంచి ఒలాండినా ఏదో అంది.
"ఊఁ" అన్నాను.
రెండు లైన్ల తర్వాత పెన్ను ఆగింది.
వెనక్కి తిరిగి, ఏమన్నావని అడిగాను.
ఇరవై ఆరేళ్ళ కాపురం.
ఆమె బియ్యంలో రాళ్ళేరుతోంది, తలెత్తలేదు.
"ఏం లేదులే. రాసుకో."